పడవ తాగిన నీళ్లు

ఆలూరు పక్క పుట్టి పెరిగిన మనిషికి పడవ గురించి ఏం తెలుస్తుంది చెప్పండి. కంబన్నకు ఎద్దు తెలుసు, గుంటక తెలుసు, వాన రాని ఆకాశం మరీ బాగా తెలుసు. నీళ్ల మీద మనుషుల్ని మోసుకుపోయేది ఒకటుంటుందని వినడమే తప్ప ముప్పై రెండేళ్లు వచ్చేదాకా కళ్లతో చూసి ఎరగడు. కాబట్టి ఆ వేసవిలో అతను చేసిన పనికి ఎవరూ అతన్ని తప్పు పట్టకూడదని నా ఉద్దేశం. పట్టినవాళ్లు లేకపోలేదు. వాళ్లెవరూ ఆ పడవ ఎక్కి కాన్పుకు పోయినవాళ్లు కారు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు కంబన్న ఇల్లు కదిలించాడు. ఆలూరు దగ్గర వరుసగా మూడేళ్లు చేలు ఎండాయి. కర్నూలుకు ఎగువన తొమ్మిది మైళ్ల దూరంలో, కేసీ కాలువ లాకు దగ్గరి పల్లెలో, పిల్లల్లేని మేనమామ రెండెకరాల మెట్ట, ఎద్దులతో నీళ్లు తోడే ఒక కపిల బావి వదిలి పోయాడు. కాలువ నీళ్లు ఎక్కని చెక్క అది. అయితేనేం, బావిలో నీళ్లున్నాయి. కంబన్న భార్య మహాదేవమ్మనూ ఎద్దుల జతనూ వెంటబెట్టుకుని వచ్చేశాడు.

ఆ ఊళ్లో పడవ నడిపే మనిషి గౌస్ పీర్. ఒకప్పుడు ఆ కాలువ మీద సరుకుల పడవలు బారులు తీరి తిరిగేవట. అవన్నీ పోయి గౌస్ పీర్ పడవ ఒక్కటి మిగిలింది. పన్నెండు మంది పట్టే కట్టె పడవ. దిగువకు గెడ వేసుకుంటూ కర్నూలు పోతాడు, ఎగువకు వచ్చేటప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతాడు. కూరగాయల గంపలు, కోర్టు పనుల మీద పోయేవాళ్లు, ఒక్కోసారి పెళ్లివాళ్లు, అందరూ అందులోనే.

ఆ ఏడు కార్తీకంలో మహాదేవమ్మకు నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. వానకు రేగడి దారి మెత్తబడి, బొజ్జన్న అద్దెబండి ఊరు దాటకముందే ఇరుసు దాకా దిగబడింది. గౌస్ పీర్‌ను పిలిచినవాళ్లు కూడా లేరు. తనే వచ్చి తాడు విప్పాడు. అతని భార్య నబీసా పడవలో కూర్చుని మహాదేవమ్మ తలను ఒళ్లో పెట్టుకుంది. తొమ్మిది మైళ్లూ అతను ఒక్కచోట గెడ ఆపలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆడపిల్లను బయటికి తీసి, ఇంకొక గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు కంబన్న రొంటిన దోపిన దుడ్లు తీయబోతే గౌస్ పీర్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పోయేటప్పుడు మీరిద్దరే కదప్పా ఎక్కింది, అది నా ఇంటి పని. ఇప్పుడు ఎక్కిన ఈ బిడ్డకు మాత్రం చార్జీ కావాల. పెద్దదైనాక దాన్నే అడుగుతా, నువ్వు మధ్యలో రావాకు."

అప్పటినుంచీ కంబన్నకు అదే దిగులు. ఈ మనిషికి నేనేం చేయగలను? మొదటి గుమ్మడికాయ తీసుకుపోయి ఇచ్చాడు. మర్నాడు ఆ ఇంటినుంచి రెండు చేపలు వచ్చాయి. అనపకాయలు పంపాడు. సేమ్యా వచ్చింది. ఎంత ఇచ్చినా ఇంకొకటి తిరిగి వచ్చి మీద పడుతుంటే తీరే మార్గం ఎక్కడిది? పెద్ద పని ఏదైనా వాళ్లకు పడాలి, అది నేను చేయాలి అని అతను దేవుణ్ని కోరుకునేవాడు. దేవుడు విన్నాడు. వినకపోయి ఉంటే బాగుండేది.

ఉగాది దాటగానే కాలువ కట్టేశారు. ఏటా అంతే, ఆషాఢం దాకా కాలువలో నీళ్లుండవు. ఆ వారం కంబన్న బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి సొంతూరు పోయాడు. తిరిగి వస్తుంటే ఊరి బయట బొజ్జన్న బండి ఎదురైంది. బండి మీద ట్రంకుపెట్టెతో గౌస్ పీర్, నబీసా. కడపలో ఉన్న కూతురు చాంద్ బేగంకు తొలికాన్పు, రెండు నెలలు అక్కడే ఉంటారట.

"కంబన్నా, పడవ మడుగులో ఉండాది. ఒక కన్నేసి పెట్టప్పా," అన్నాడు గౌస్ పీర్ బండి మీదినుంచి.

"నువ్వు నిమ్మళంగా పోయిరా పీరన్నా. దాన్ని నా బిడ్డ మాదిరి చూసుకుంటా," అన్నాడు కంబన్న.

బండి కదిలిపోయింది. మిగతా మాట చెప్పాలని గౌస్ పీర్‌కు తోచలేదు. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి మనిషికీ తెలిసిన సంగతి కంబన్నకు తెలియదని అతనికెలా తోస్తుంది?

మర్నాడు పొద్దున్నే కంబన్న లాకు దగ్గరికి పోయాడు. కాలువంతా ఎండి, లాకు కింద లోతైన చోట మాత్రం చెరువంత మడుగు నిలిచి ఉంది. దానికి అడ్డంగా ఎవరో బంకమన్నుతో కట్ట వేశారు. పడవ కనిపించలేదు. గట్టు వెంట ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. చివరికి వంగి చూస్తే నీళ్ల అడుగున ఉంది. మునిగిపోయి ఉంది. లోపల పెద్ద పెద్ద బండరాళ్లు.

రాళ్లు వాటంతటవి వచ్చి పడవ ఎక్కవు. ఎవరో పగబట్టి చేసిన పని. ఎవరికుంటుంది పగ? పడవ లేకపోతే బేరాలన్నీ ఎవరి బండికి పోతాయి? బొజ్జన్నకే కదా. అవతల మనిషి ప్రయాణం తొందరలో ఉండగా చూసి ఇంత పని చేస్తాడా? పైగా వాళ్లనే బండి మీద ఎక్కించుకుని పోయాడు, ఎంత గుండె. కంబన్న ఊళ్లో ఎవరితోనూ ఈ మాట ఎత్తదలచుకోలేదు. బొజ్జన్న ఆ ఊరివాడు, తను నిన్న మొన్న వచ్చినవాడు. ముందు పడవ బయటికి రావాలి, తగువు తర్వాత.

మహాదేవమ్మకు మాత్రం చెప్పాడు. ఆమె బిడ్డను వీపున కట్టుకుని, పలుపుతాళ్లు భుజాన వేసుకుని వెంట వచ్చింది. రెండు రోజులు పట్టింది. కంబన్న మునుగుతూ లేస్తూ రాళ్లన్నీ తీశాడు. ఎద్దులు దిగి లాగడానికి దారి కావాలి కాబట్టి బంకమన్ను కట్టను గడ్డపారతో తెగ్గొట్టాడు. మడుగులో నీళ్లు సగానికి పైగా దిగువ ఇసుకలోకి పోయి ఇంకిపోయాయి. మంచిదే అయిందనుకున్నాడు. దుంగలు పరిచి, ఎద్దుల్ని కట్టి, వెనకనుంచి తనూ భార్యా నెట్టి, పడవను గట్టెక్కించారు.

అటుమీదట వాళ్లు చేసిన సేవ చూడాలి. బురదంతా కడిగారు. మహాదేవమ్మ తన పాత చీర చింపి లోపలా బయటా తుడిచింది. నాలుగు రాళ్ల మీద బోర్లా పెట్టి, ఎండ బాగా తగిలేటట్టు తూర్పుకు తిప్పారు. తడి కొయ్యకు చీడ పడుతుందని కంబన్నకు తెలుసు, వాళ్ల ఊళ్లో నాగలిని ఎండబెట్టి అటక మీద పెట్టందే పండగ కూడా చేయరు. చివర్లో మహాదేవమ్మ పడవ ముక్కుకు పసుపు రాసి కుంకం పెట్టింది. ఆ సాయంత్రం కంబన్నకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఇన్నాళ్లకు పీరన్నకు నా చేతనైన పని ఒకటి చేశాను అన్నాడు.

ఆ ఎండల్లో ఊరికి మైలు దూరంలో ఉన్న లాకు దగ్గరికి ఎవరు వస్తారు? దూరంనుంచి చూసిన ఒకరిద్దరు గౌస్ పీర్ మరమ్మతుకు పురమాయించి ఉంటాడనుకున్నారు. కంబన్న మాత్రం రోజూ సాయంత్రం వచ్చి పడవను తట్టి చూసేవాడు. ఆరో రోజు లోపలినుంచి టప్పున ఒక చప్పుడు వినిపించింది. బాగా ఆరుతోంది అనుకున్నాడు.

బొజ్జన్న కర్నూల్లో కొత్త కట్టడాలకు సున్నం తోలుతూ పదిరోజులు అక్కడే ఉండిపోయి, ఆ తర్వాత ఊరికి వస్తూ లాకు దగ్గర బండి ఆపాడు. కంబన్న అక్కడే ఉన్నాడు. ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నట్టు ఎదురు వచ్చి నిలబడ్డాడు.

"ఎవరప్పా దీన్ని బయటికి లాగింది?" అన్నాడు బొజ్జన్న.

"నేనే లాగినా. ముంచినోడు ఎవరో నువ్వు చెప్పు."

"ముంచినోడా?" బొజ్జన్న బండి దిగి, పడవ చుట్టూ తిరిగి, గట్టు మీద కూలబడ్డాడు. "గౌస్ పీరే ముంచుకున్యాడు. ఏటేటా ముంచుతాడు. ముప్పై ఏండ్లుగా అదే పని. కట్టె పడవకు నీళ్లుంటేనే బతుకు కంబన్నా. ఎండ తగిలితే పలకలు ముడుచుకపోతాయి. అందుకే కాలవ కట్టేసిన మర్నాడే రాళ్లేసి ముంచి, నీళ్లు పోకుండా కట్ట పోసుకుంటాడు. ఆ కట్ట ఏమాయె?"

కంబన్న పడవ కిందికి వంగి, లోపలినుంచి పైకి చూశాడు. పలకల మధ్య సందుల్లోంచి ఆకాశం గీతలు గీతలుగా కనిపించింది. పక్కనున్న జొన్నచేలోంచి రాలిన గింజ ఒకటి తీసుకుని సందులో పెట్టి చూశాడు. గింజ ఆ పక్కకు జారి కింద పడింది.

"మల్లీ మడుగులో పెడితే?" అన్నాడు చివరికి.

"మడుగు యాడుండాది? బుర్రకాయంత గుంత మిగిలింది. అదీ ఇంక నాలుగు దినాలు." బొజ్జన్న తల గోక్కున్నాడు. "ఆషాఢంలో నీళ్లు వదిలిన నాడు కాలవ ఓవర్సీరు వచ్చి చూస్తాడు. పడవ కారితే తిప్పుకునేదానికి పాసు రాయడు. పాసు లేకపోతే పడవ పొయిలోకే. దిగువ లాకాయనది అట్లే పాయె."

ఇంటికి వచ్చి కంబన్న అన్నం ముట్టలేదు. మహాదేవమ్మ అడిగితే జరిగింది చెప్పాడు.

"నా బిడ్డను కాపాడిన పడవను నా చేతులతోనే చంపినా," అన్నాడు.

బిడ్డ మహాదేవమ్మ చెవి కమ్మ పట్టుకుని ఆడుతోంది.

"దానికి కావాల్సింది నీళ్లే కదా," అంది ఆమె. "మన బావిలో ఉండాయి."

"బావిలో నీళ్లు రాగిచేనుకు చాలీచాలకుండా ఉండాయి. ఇంకా నెల తడపాల."

"రాగులు వచ్చే ఏడు గూడా పండుతాయి. ఈ బిడ్డను ఒళ్లో పెట్టుకోని తింటాండా నేను. మొన్న కార్తీకంలో పడవ లేకుంటే ఆ రాగులతో నీకు సంకటి వండేదాన్నే లేను."

ఆ మాట మీద కంబన్న లేచాడు. తెల్లవారి బొజ్జన్న ఇంటికి పోయి, తను అతని గురించి ఏమనుకున్నాడో దాచకుండా చెప్పి, బండి కావాలని అడిగాడు. బొజ్జన్న కాసేపు అతని ముఖం చూశాడు.

"నేనెందుకియ్యాల? పడవ పోతే బేరాలన్నీ నాకే కదా. నువ్వే అంటివి," అన్నాడు. అని ఎద్దుల్ని విప్పడానికి లేచాడు.

బొజ్జన్న బండీ, అతను అడిగి తెచ్చిన ఇంకొక బండీ ముందూ వెనకా పెట్టి, పడవను వాటి మీదికి ఎక్కించి, బావి దగ్గరికి తెచ్చారు. కపిల తొట్టి కింద, నీళ్లు చేను కాలువలోకి పారే చోట, పడవ పట్టేంత గుంత తవ్వారు. గుంతకు నల్లరేగడి తొక్కి మెత్తారు. పడవను అందులోకి దించి, లోపల తడి గడ్డి, గోనెపట్టలు కూరి, రాళ్లు పెట్టారు. అప్పుడు కంబన్న కపిల కట్టాడు. తోలు బొక్కెన బావిలోకి దిగి నిండి పైకి రావడం, తొట్టిలో కుమ్మరించడం, ఎద్దులు వెనక్కి నడవడం. పొద్దుననుంచి ఎండెక్కేదాకా, మళ్లీ ఎండ తగ్గాక. మొదటి రోజు పోసిన నీళ్లన్నీ మాయమైనాయి. రెండో రోజూ అంతే. మూడోనాటికి రేగడి సాగి గుంత నిలిచింది, పడవ మునిగింది.

రాగిచేను వారంలో తలవాల్చింది, రెండో వారంలో పసుపుబారింది. కంబన్న అటు చూడకుండా ఎద్దుల్ని తోలేవాడు. చూస్తే చెయ్యి నీళ్ల మడవను అటు తిప్పుతుందని భయం. వారానికోసారి గుంతలోకి దిగి, నీళ్లలోనే చేత్తో తడిమి, సందుల్ని గింజలతో కొలిచేవాడు. జొన్నగింజ పోయే సందు కొర్రగింజ దగ్గరికి వచ్చింది. నెల నిండేసరికి చాలాచోట్ల రాగిగింజ కూడా పట్టలేదు. చేను మాత్రం ఎండి పశువుల మేతకైంది.

గౌస్ పీర్ దంపతులు జ్యేష్ఠంలో తిరిగి వచ్చారు. మనవడు పుట్టాడట. బస్సు దిగే చోటికి కంబన్న ముందే పోయి నిలబడ్డాడు, ఇంకెవరి నోటినుంచో వినకూడదని. రోడ్డు మీదే అంతా చెప్పాడు. మునిగి ఉండటం చూసింది, లాగింది, కట్ట తెగ్గొట్టింది, ఎండబెట్టింది, కుంకం పెట్టింది, ఇప్పుడు తన బావి దగ్గర ముంచి పెట్టింది కూడా. గౌస్ పీర్ ముఖం నల్లబడింది. ట్రంకుపెట్టె నబీసా చేతికి ఇచ్చి, బావి దారి పట్టాడు. కంబన్న పది అడుగులు వెనకగా నడిచాడు.

గౌస్ పీర్ పంచె ఎగ్గట్టి గుంతలోకి దిగాడు. ముక్కునుంచి తోక దాకా ఒక్కో సందునూ వేళ్లతో తడిమాడు. రెండు చోట్ల ఆగి, మళ్లీ తడిమి, ముందుకు పోయాడు. గట్టు మీదికి వచ్చాక పడవ వైపు కాకుండా, అవతల ఎండిపోయిన రాగిచేను వైపు చూస్తూ నిలబడ్డాడు. కోత అయిన చేనుకూ ఎండిన చేనుకూ తేడా తెలియనివాడు కాడు.

"ఈ నీళ్లు ఆ చేనివా?" అన్నాడు.

కంబన్న తలవంచుకున్నాడు.

"రోడ్డు మీద నువ్వు చెప్తాంటే నాకు శానా కోపమొచ్చె కంబన్నా. అబద్ధమెందుకు, నోటికొచ్చింది తిట్టాలనుకుంటి," అన్నాడు గౌస్ పీర్. "ముప్పై ఏండ్లనుంచి దీన్ని ముంచుతాండా. ఊళ్లో ప్రతి మనిషీ మునిగింది చూసి పక్కనుంచి పోతాడు. పోవాల్సిందే, వాళ్లకు తెలుసు కాబట్టి. చూసి తట్టుకోలేక నీళ్లలోకి దిగినోడివి నువ్వొక్కడివే. మల్లా తప్పు తెలిసినాక నోటికాడి కూడు తెచ్చి దీనికి పోసినావు. దీనికి నేనేమిచ్చేది?"

"నువ్వేమీ ఇయ్యాకు పీరన్నా. దయచేసి ఇయ్యాకు," అన్నాడు కంబన్న. "నువ్విచ్చేకొద్దీ నాకు తలకు మించినదైతాండాది."

అప్పుడు ఇద్దరూ నవ్వారు, కళ్లు తుడుచుకుంటూనే.

రెండు సందులు మాత్రం మూసుకోలేదు. వాటిలో కొబ్బరినార కూరి, గుగ్గిలం నూరి నూనెలో కాచి పట్టించారు. నూరిందంతా కంబన్నే, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఆషాఢంలో నీళ్లు వదిలిన రోజు పడవను బండ్ల మీద తెచ్చి కాలువలో దించారు. ఓవర్సీరు పడవ అడుగున పొడి గోనెపట్ట పరిచి, గంటసేపు గట్టు మీద కూర్చున్నాడు. ఆ గంట కంబన్న ఊపిరి పీల్చాడో లేదో నాకు తెలియదు. గోనెపట్ట తీసి తిప్పి చూస్తే ఒక మూల అరచేయంత తడి ఉంది. "ఈ మాత్రం తడి లేని పడవ నా సర్వీసులో చూళ్లేదు," అని ఆయన పాసు రాసిచ్చాడు. నబీసా చక్కెర పెట్టి ఫాతెహా చదివించి, మొదటి పలుకు మహాదేవమ్మ చంకలోని బిడ్డ నోట్లో పెట్టింది.

మరుసటి ఉగాది దాటి కాలువ కట్టేసినప్పుడు, గౌస్ పీర్ పడవను మడుగుకు తీసుకుపోలేదు. బొజ్జన్నను తోడు తీసుకుని, బండ్ల మీద వేసుకుని సరాసరి కంబన్న బావి దగ్గరికి వచ్చాడు.

"పోయినేటి తావే ఇస్తావా కంబన్నా? మా మడుగు ఎండలకు చివరి నెలలో ఇంకి పడవ సగం తేలిపోతాది. ఈడ నీ చెయ్యి ఉంటాది."

కంబన్న ముఖం చూసి, అతను రాగిచేనును తలుచుకుంటున్నాడని గౌస్ పీర్ కనిపెట్టాడు. గుంతకు ఆ పక్క, పడవ అంచు ఎత్తున, చిన్న గండి కొట్టి చూపించాడు. కపిల నీళ్లు మొదట గుంతలో పడతాయి. పడవ మునిగేదాకా నిండి, ఆపైన పొర్లిన నీళ్లన్నీ గండిలోంచి రాగిచేనుకు పారతాయి. పడవ తాగగా మిగిలింది పైరుకు. పోయినేడు ఎండలో నెలరోజులు ఎద్దుల వెంట నడిచిన కంబన్నకు ఇంత చిన్న ఉపాయం తట్టలేదు. తట్టడానికి అప్పుడు అతని తలలో చోటు లేదు మరి.

గుంత నిండింది. పడవ తేలుతూ ఊగింది. రాళ్లు కుప్పగా పోసి ఉన్నాయి. గౌస్ పీర్ ఒక రాయి ఎత్తబోయి ఆగాడు.

"మొదటి రాయి నువ్వే పెట్టు."

కంబన్న రాయి ఎత్తుకున్నాడు. గుంత అంచు దాకా పోయి నిలబడిపోయాడు. బరువుకు కాదు. కిందటేడు ఇదే రాయిని ఈ చేతులతోనే బయటికి విసిరేస్తూ, ముంచినవాడి వంశాన్ని తిట్టాడు. ఇప్పుడు తెలుసు, అయినా చేతులు ఒప్పుకోవడం లేదు. గట్టు మీద బిడ్డ మహాదేవమ్మ వేలు పట్టుకుని తప్పటడుగులు వేస్తూ చూస్తోంది.

"మెల్లిగా పెట్టప్పా," అన్నాడు గౌస్ పీర్. "పండుకోబెట్టేదే కదా."

కంబన్న నీళ్లలోకి దిగి, వంగి, రాయిని చప్పుడు కాకుండా పడవ అడుగున పెట్టాడు. తర్వాత రెండోది తెచ్చుకోవడానికి పోయాడు.